నల్లరేగడిలో సైకిల్‌మోటరు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో బండికి మొదటి శత్రువు రేగడి. తొలకరి పడి పత్తి గింజ పెట్టే రోజుల్లో ఇంద్రవెల్లి దగ్గరో నార్నూరు దగ్గరో రోడ్డు దిగి చేను బాట పట్టారంటే యాభై గజాలు పోకముందే మట్టి టైరుకు అంటుకుంటుంది. పొర మీద పొర పేరుకుని, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న రెండు వేళ్ల సందు కాస్తా నిండిపోతుంది. చక్రం నిలబడుతుంది, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎక్స్‌లేటర్ ఇంకొంచెం తిప్పితే లోపల క్లచ్ ప్లేట్లు జారి కాలిన వాసన వస్తుంది. తెలిసినవాడు అక్కడే దిగి, తుమ్మ పుల్ల విరిచి, మట్టిని పొడిచి పొడిచి తీస్తాడు. ఇంకా బాగా తెలిసినవాడు జూన్ రాగానే ముందు మడ్‌గార్డు విప్పి ఇంట్లో పెట్టేస్తాడు. ముఖాన బురద పడుతుంది గానీ క్లచ్ మిగులుతుంది.

కరీంనగర్ వైపు బాధ వేరు. అక్కడ మొరం బాటలు, గ్రానైట్ లారీలు లేపే దుమ్ము. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి దిక్కు పోతే బొగ్గుపొడి. ఎయిర్ ఫిల్టర్ కడగని బండికి బోరు ఎంత తొందరగా అరుగుతుందో సింగరేణి కాలనీల మిస్త్రీలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మే నెలలో రామగుండం 45 డిగ్రీలు దాటుతుంది. చలికాలంలో సిర్పూర్-యు, గిన్నెధరి పక్కన తెల్లవారుజామున 5 డిగ్రీల లోపుకు దిగిన రోజులున్నాయి. ఎండలో పిస్టన్ పట్టేస్తుంది, చలిలో కిక్కు అందుకోదు.

ఇలాంటి దారుల కోసమే వేరే దేశాల్లో ప్రత్యేకంగా బండ్లు పుట్టాయి. 1968లో యమహా డీటీ-1, 1980లో బీఎండబ్ల్యూ ఆర్80 జీ/ఎస్, ఆ వరసలో ఇంకెన్నో. తారు మీదా మట్టిలోనూ నడిచే ఈ డ్యుయల్ స్పోర్ట్ బండ్లకు షాకాబ్జర్లు పొడుగు, ముందు చక్రం పెద్దది, మడ్‌గార్డు టైరుకు చాలా ఎత్తున ఉంటుంది. ఆ చివరి సంగతి ఒక్కటి చాలు, మన రేగడికి. కానీ మనవాళ్లు షోరూముకు పోయి అలాంటి బండి కొనుక్కునే వీలు 2011 దాకా దాదాపు లేదు. అంతవరకూ ఆ పని మామూలు బండ్లే చేశాయి. ఏ కాలంలో ఏది చెడిపోయింది, ఎక్కడ బాగయింది అని వెనక్కి తిరిగి చూస్తే ఒకటి తేలుతుంది. కంపెనీవాళ్లు బండి ఆగకుండా ఎంత దూరం పోతుందో చెబుతారు. ఉట్నూరులో బండి కొనేవాడు మాత్రం ఆగితే ఎంత దూరంలో బాగవుతుందని అడుగుతాడు. ఈ అరవై డెబ్బై ఏళ్ల చరిత్రను నడిపించింది రెండో ప్రశ్నే.

మొదట బుల్లెట్టు. సరిహద్దు గస్తీకి మన సైన్యం ఏరికోరి కొన్న బండి అది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక తిరువొత్తియూరు ఫ్యాక్టరీ నుంచి మన దాకా వచ్చింది. మన జిల్లాల్లో పోలీసులు, కాంట్రాక్టర్లు, ఊరికొక పెద్ద పట్టాదారు దాన్ని నడిపారు. బుల్లెట్టు చెడిపోయేది కాదని ఇప్పుడు పెద్దలు చెబుతుంటే వినడానికి బాగుంటుంది. నిజం మాత్రం కాదు. పాత ఇనుప ఇంజను బుల్లెట్టు వారం వారం ఏదో ఒకటి అడిగేది. ప్రైమరీ చైన్ కేసు మూత అంతటినీ నడిమిట్ల ఒకే ఒక్క నట్టు పట్టుకుని ఉంటుంది. వదులైతే అంచుల్లోంచి ఆయిల్ కారుతుంది. అలాగని మరీ బిగిస్తే మూత వంగి ఇంకా ఎక్కువ కారుతుంది.

అసలు తంటా పాయింట్లది. చిన్న లోహపు బిళ్లలు రెండు కలుసుకుని విడిపోతుంటాయి. విడిపోయిన క్షణాన ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. ఆ సందు మిల్లీమీటరులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. వాగు దాటేటప్పుడు తేమ చేరినా, బిళ్లలు కాలి గుంట పడినా, కండెన్సర్ పోయినా బండి మిస్సింగ్ కొట్టి, కాసేపటికి మొరాయిస్తుంది. బాగు చేయడానికి కావలసింది స్క్రూడ్రైవర్, ఎమరీ కాగితం ముక్క. సందు చూడటానికి ఫీలర్ గేజి లేకపోతే పెండ్లి పత్రిక అట్ట చింపిన ముక్క. షెడ్డు ముందు సంభాషణ ఇంతకు మించి సాగేది కాదు:

"ఏమైంది సారూ, మళ్ల గుంజుతలేదా?"

"వాగుల దిగిన భాయ్, గప్పటిసంది మిస్సింగ్ కొడుతున్నది."

"పాయింట్లల్ల నీళ్లు వోయినయ్. కూసోండ్రి సారు, చాయ్ తాగేలోపట అయితది."

నిజంగానే చాయ్ తాగేలోపు అయ్యేది. స్టార్టు చేయడం మాత్రం ఎవరి బండికి వాళ్లే నేర్చుకోవాల్సిన విద్య. హెడ్‌లైటు పైన ఉండే ఆంపియర్ మీటర్ ముల్లును చూస్తూ, చేతి దగ్గరి డీకంప్రెషన్ లివర్ నొక్కి, కిక్కును మెల్లగా దించాలి. ముల్లు నడిమికి రాగానే లివర్ వదిలేసి, కిక్కు పైకి తెచ్చుకుని ఒకే ఒక్క నిండు తొక్కుడు తొక్కాలి. టైమింగ్ ముందుకు జరిగిన బండయితే కిక్కు తిరగబడి కాలిని కొడుతుంది. ఆ దెబ్బ తిన్నవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరైనా ఉంటారు.

ఆ కాలపు మిస్త్రీల పనితనాన్ని తలచుకుని మురిసిపోవడం మనకు అలవాటు. మురిసిపోవచ్చు. కానీ చేయి అంతగా తిరిగిందంటే బండి అన్నిసార్లు ఆగిందనేగా. చెడిపోని బండికి గొప్ప మిస్త్రీ పుట్టడు.

బుల్లెట్టు కొనలేనివాడికి రాజ్‌దూత్. పోలండ్ వాళ్ల ఎస్‌హెచ్‌ఎల్ నమూనా తీసుకుని ఎస్కార్ట్స్ కంపెనీ 1962లో మొదలుపెట్టిన ఈ 173 సీసీ బండికి మూడే గేర్లు, 9 హార్స్‌పవర్. పాలవాళ్లు, టీచర్లు, విత్తనాలు అమ్మేవాళ్లు దీని మీదే తిరిగారు. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి వాల్వులు లేవు, టైమింగ్ చైను లేదు. కదిలే ముక్కలు తక్కువ, అందువల్ల చెడిపోయే ముక్కలూ తక్కువే. పాయింట్ల పీడ దీనికీ ఉంది. అది పోను మిగిలినవి ప్లగ్గు, సైలెన్సర్, బోరు.

పెట్రోల్లో ఆయిల్ కలిపే లెక్క చేతిలో ఉండాలి. ఎక్కువైతే ప్లగ్గుకు మసి పట్టి బండి ఆగుతుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. బంకు ఎక్కడో పట్నంలో. ఊళ్లో కిరాణా కొట్టులో సీసాలో అమ్మే పెట్రోల్లో ఏం కలిసిందో దేవుడికే తెలియాలి. మే ఎండలో ఇద్దరు మనుషులు, ఒక బియ్యం సంచితో గుట్ట ఎక్కుతుంటే ఇంజను ఉన్నట్టుండి బిగుసుకుని వెనక చక్రం ఈడ్చుకుపోతుంది. వెంటనే క్లచ్ పట్టాలి. చెట్టు నీడన అరగంట చల్లార్చితే చాలాసార్లు మళ్లీ లేచేది. లేవకపోతే కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో లేత్ మిషన్ దగ్గర బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టన్ వేయించాలి. బోరు కొట్టడానికి ఇక లోహం మిగలనప్పుడు కొత్త స్లీవ్ దించి మళ్లీ మొదటికి వచ్చేవారు. సైలెన్సర్ వైద్యం ఇంకా సులువు. బండి గుంజడం లేదంటే లోపలి గొట్టం మసితో మూసుకుపోయిందని అర్థం. దాన్ని బయటికి లాగి, కట్టెల పొయ్యిలో ఎర్రగా కాల్చి, బండకేసి కొడితే మసి పెచ్చులు పెచ్చులుగా రాలేది.

అదే కాలంలో మైసూరు నుంచి జావా, 1973 తర్వాత అదే బండి యెజ్డీ పేరుతో వచ్చింది. కిక్కు రాడ్డునే లోపలికి నొక్కి తిప్పితే గేరు రాడ్డు అవుతుంది. కొత్తవాడికి అదొక వింత. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. యెజ్డీ గురించి జంట సైలెన్సర్ల శబ్దం చెప్పుకుంటారు గానీ, నా లెక్కలో మన నేలకు అది చేసిన అసలు మేలు చైను డబ్బా. చైను చుట్టూ నిండుగా రేకు మూత. రాజ్‌దూత్‌కూ అంతే. తర్వాత వచ్చిన సీడీ 100కూ స్ప్లెండర్‌కూ అంతే. చైనుకు నీళ్ల కంటే ఇసుక ఎక్కువ చేటు. గ్రీజు మీద ఇసుక అంటితే పిన్నులూ రోలర్లూ అరుగుతాయి, చైను సాగుతుంది, సాగిన చైను స్పాకెట్ పళ్లను ఒకవైపుకు తినేసి కొక్కేల్లా వంచుతుంది. ఆ తర్వాత గుట్ట మీద చైను జారి పడడం మొదలు. మూసిన డబ్బాలో ఈ రోగం చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఇప్పటి డ్యుయల్ స్పోర్ట్ బండ్లలో చాలావాటికి చైను బయటే ఉంటుంది. వెనక చక్రం ఎక్కువగా పైకీ కిందికీ ఆడాలి, దాన్ని తొందరగా విప్పగలగాలి, బరువు తగ్గాలి. కారణాలన్నీ సరైనవే. ఓ-రింగ్ చైను గ్రీజును లోపల దాచుకుంటుంది, అదీ నిజమే. స్పాకెట్ పళ్లను దాచేది మాత్రం ఏదీ లేదు. రేగడిలో తిరిగే మనిషికి తాతల నాటి రేకు డబ్బా ముందు ఇది ఒక మెట్టు దిగుడే.

1984 నుంచి 86 దాకా మూడేళ్లలో కథ మారిపోయింది. జపాన్ కంపెనీల పొత్తుతో ఇండ్-సుజుకి, హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100, కవాసకి బజాజ్ వరసగా దిగాయి. అందరూ మైలేజీ గురించి మాట్లాడారు. మన వాగులూ వంకల లెక్కలో చూస్తే పెద్ద మార్పు వేరేచోట జరిగింది. నిప్పురవ్వను ఎలక్ట్రానిక్‌గా పుట్టించే సీడీఐ వచ్చి పాయింట్లను ఇంటికి పంపింది. విడిపోయే బిళ్లలు లేవు, కొలవాల్సిన సందు లేదు, తేమకు భయం లేదు. సీటు కింద మూసేసిన చిన్న నల్ల డబ్బా ఒకటి. చాయ్ తాగేలోపు బాగయ్యే జబ్బు అసలు రాకుండానే పోయింది. దాంతోపాటు, వస్తే మిస్త్రీ చేయగలిగిందీ పోయింది. సీడీఐని విప్పలేం, మార్చాల్సిందే.

అప్పట్లో హీరో హోండాను చూసి గింత సన్నటి బండి గుట్టలెక్కుతదా అని నవ్వినవాళ్లున్నారు. ఎక్కింది. 1994లో వచ్చిన స్ప్లెండర్ ఆ నవ్వులకు పూర్తిగా తెరదించింది. 97 సీసీ ఇంజను, 110 కిలోల చుట్టుపక్కల బరువు, సన్నటి టైర్లు. కాగితం మీద చూస్తే అడవి దారికి ఏ రకంగానూ పనికిరాని బండి. కానీ వాగు మధ్యలో ఆగితే ఇద్దరు మనుషులు పట్టి ఒడ్డుకు చేర్చగలరు. 160 కిలోలు దాటిన బుల్లెట్టుతో ఆ పని చేసి చూడండి. సన్నటి టైరు బురదను చీల్చుకుని అడుగున గట్టి నేల వెతుక్కుంటుంది. చైను డబ్బా ఉంది. ఆయిల్ కలిపే పని లేదు. పోయే సామాన్లూ తెలిసినవే. గుంతల్లో పడి ముందు ఫోర్కు ఆయిల్ సీళ్లు, కోన్‌సెట్టు, స్వింగార్మ్ బుష్షులు పోతాయి. బరువులు మోసి మోసి క్లచ్ ప్లేట్లు, ఆయిల్ మార్చక టైమింగ్ చైను పోతాయి. ఇవన్నీ మండల కేంద్రంలో దొరుకుతాయి. కంపెనీవి కాకపోయినా, ఢిల్లీ మాలు అయినా, ఏదో ఒకటి దొరుకుతుంది. స్ప్లెండర్ నమ్మకం సగం ఇంజనులో ఉంటే సగం ఆ దుకాణంలో ఉంది. ఆఫ్రికాలో మోటార్‌సైకిల్ టాక్సీలు మన బజాజ్ బాక్సర్ మీద అంతగా ఆధారపడడానికీ ఇదే కారణం. అక్కడి మట్టి రోడ్ల మీద జనాన్ని మోసేది ఆకాశమంత ఎత్తు అడ్వెంచర్ బండి కాదు, సామాను ప్రతి కూడలిలో దొరికే చిన్న బండి.

ఆర్‌ఎక్స్ 100 గురించి కుర్రాళ్లు ఇప్పటికీ పూనకంతో మాట్లాడతారు. 98 సీసీలో 11 హార్స్‌పవర్ అంటే అప్పటికి ఆశ్చర్యమే. కానీ దాని బలమంతా పై స్పీడులో ఉంటుంది. బురదలో నెమ్మదిగా లాగమంటే క్లచ్ తింటుంది. రోడ్డు మీద రాజు, చేను బాటలో పేద. టీవీఎస్ ఎక్సెల్ సంగతి దానికి తలకిందులు. గేర్లు లేవు, చేత్తో పట్టే క్లచ్ లేదు, ముందు యూరియా బస్తా పెట్టుకోవడానికి చోటుంది. 2015లో నాలుగు స్ట్రోకుల ఎక్సెల్ 100 వచ్చాక రైతు ఇంట దాని స్థానం ఇంకా గట్టిపడింది.

ఈలోగా రోడ్లూ మారాయి. 2000 డిసెంబర్‌లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద తారు చాలా ఊళ్లకు చేరింది. పాత ఏడో నంబరు జాతీయ రహదారి నలభై నాలుగై, నాలుగు వరసలై, నిర్మల్ మహబూబ్ ఘాటును పక్కన పెట్టేసింది. తారుతోపాటు అల్లాయ్ చక్రాలొచ్చాయి. పుల్లల చక్రం గుంతలో పడితే వంగుతుంది, బెండు తీసేవాడు సరిచేస్తాడు. అల్లాయ్ పగులుతుంది. బదులుగా ట్యూబ్ లేని టైరు ఇచ్చింది, ముల్లు గుచ్చుకున్నా ఇంటికి చేరుస్తుంది. తుమ్మ ముళ్ల దేశంలో ఇది చిన్న వరం కాదు. విచిత్రం ఏమిటంటే తర్వాత వచ్చిన అడవి బండ్లు రాళ్ల దెబ్బకు తట్టుకోవాలని మళ్లీ పుల్లల చక్రాలకు, వాటితో ట్యూబుకు, ట్యూబుతో పంచర్‌కు తిరిగి వెళ్లాయి.

ఆ అడవి బండ్లలో మొదటిది 2011 నాటి హీరో ఇంపల్స్. బ్రెజిల్‌లో హోండా అమ్మే బ్రోస్ బండికి చుట్టం, 149 సీసీ. ఇంజనులో వంక పెట్టడానికి పెద్దగా లేదు. అమ్మకాలు సాగక కొన్నేళ్లకే ఆపేశారు. ఆ తర్వాత దాని ప్రత్యేక సామాను దొరకడం కష్టమైంది. నా దృష్టిలో మన జిల్లాలకు చాలా దగ్గరగా వచ్చి చేజారిన బండి అది.

2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్. 411 సీసీ, 21 అంగుళాల ముందు చక్రం, నేల నుంచి 220 మిల్లీమీటర్ల ఎత్తు. కంపెనీ ఇంజనును మొదటినుంచి కొత్తగా కట్టింది. కార్బొరేటర్‌తో వచ్చిన మొదటి బండ్ల మీద దేశమంతటా ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చలిలో స్టార్టు కాకపోవడం, స్టీరింగ్ బేరింగ్ తొందరగా వదులు కావడం, గేర్లు సరిగా పడకపోవడం వాటిలో ముఖ్యమైనవి. 2017లో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక చాలా సర్దుకుంది. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. హిమాలయన్ బరువు దాదాపు 200 కిలోలయితే ఇది దానికంటే 40 కిలోలకు పైగా తేలిక. 2020లో కేటీఎం 390 అడ్వెంచర్, 2023లో పూర్తిగా కొత్త ఇంజనుతో హిమాలయన్ 450. సెలవు రోజుల్లో హైదరాబాద్ నుంచి కుంటాల జలపాతానికో జోడేఘాట్‌కో వచ్చే గుంపుల్లో ఇవే కనిపిస్తాయి.

తొలి రోగాలు ఒక్క మన బండ్లకే కాదు. అమెరికాలో దశాబ్దాలుగా నమ్మకానికి మారుపేరు అనిపించుకున్న కవాసకి కేఎల్ఆర్ 650 లోపల బ్యాలెన్సర్ చైనును బిగించే చిన్న లివర్ ఒకటి విరిగేది. 1987 నుంచి ఆ బండి నడిపినవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. బయటి తయారీదారుల గట్టి లివర్ కొని ముందే మార్చుకునేవారు. సుజుకి డీఆర్ 650లో న్యూట్రల్ స్విచ్చి మరలు వదులై ఇంజనులో పడేవి. దానికీ ముందే వైద్యం చేసుకునేవారు. అంటే గట్టి బండి అని పేరు తెచ్చుకున్నవాటికి రోగం లేక కాదు. ఆ రోగమేదో అందరికీ తెలుసు, మందు అందుబాటులో ఉంది. స్ప్లెండర్ కథే, కాస్త పెద్ద ఇంజనులో.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి రావడంతో కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపు మాయమైంది. గిన్నెధరి చలిలో పొద్దున్నే బటన్ నొక్కితే లేచే బండి వచ్చింది. చోక్ లాగడం, ప్లగ్గు తుడవడం, ట్యాంకును చెవికి దగ్గరగా ఊపి పెట్రోలు ఉందా అని వినడం, అన్నీ పోయాయి. ఇంజెక్షన్ బండి కార్బొరేటర్ బండి కంటే తక్కువసార్లు ఆగుతుంది. ఇందులో సందేహం అక్కర్లేదు. కానీ ఆగినప్పుడు ఎందుకు ఆగిందో మనిషికి చెప్పదు, మిషన్‌కే చెబుతుంది. ఆ మిషన్ కంపెనీ సర్వీసు సెంటర్లో ఉంటుంది. ఆ సెంటర్ ఉట్నూరు నుంచి యాభై కిలోమీటర్లు దాటి ఆదిలాబాద్‌లో ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా పడిపోతే ట్యాంకులోని పంపు తిరగదు కాబట్టి నెట్టి స్టార్టు చేయడం కూడా కష్టమే.

మన బురదలో ముందు పోయేది మాత్రం ఇంజెక్షన్ కాదు, అంతకంటే అల్పమైనది. సైడ్‌స్టాండ్ వేసి ఉందో లేదో చూసే స్విచ్చి నేలకు దగ్గరగా, చక్రం చిమ్మే మట్టికి ఎదురుగా ఉంటుంది. అందులో రేగడి చేరి గట్టిపడితే స్టాండు తీసినా వేసినట్టే లెక్క. గేరు వేయగానే ఇంజను ఆగిపోతుంది. కొత్తవాడు పెట్రోలు పంపు పోయిందనుకుని గూడ్స్ ఆటో మాట్లాడుకుంటాడు. తెలిసిన మిస్త్రీ నీళ్లు కొట్టి కడుగుతాడు, అయినా కాకపోతే స్విచ్చి వైర్లు రెండూ కోసి కలిపేస్తాడు. బండి నడుస్తుంది. తర్వాత ఎవరైనా స్టాండు తీయడం మరచి మలుపు తిరిగితే పడిపోతారు, అది వేరే సంగతి. ఏబీఎస్ సెన్సర్ రింగు పళ్లలో మట్టి నిండినా మీటర్లో దీపం వెలుగుతుంది. బండి మాత్రం పాత పద్ధతిలో ఆగుతూ పోతూనే ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి బండి తన లోపాలను తానే కనిపెట్టే ఓబీడీ-2 వ్యవస్థ కొత్త బండ్లకు తప్పనిసరైంది. ఆ లోపాలను చదివే చిన్న స్కానర్లు బజారులోకి వచ్చాయి. కొనుక్కున్న మండల మిస్త్రీ గట్టెక్కుతున్నాడు, కొననివాడు పంచర్లకు పరిమితమవుతున్నాడు.

ఇప్పుడు పాత కార్బొరేటర్ బండ్లకు కొత్త చిక్కు పెట్రోల్లోనే వచ్చింది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే దిక్కయింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మోతాదు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ముందుగా కార్బొరేటర్లోకి వచ్చేది ఆ అడుగు నీరే. రాష్ట్రంలో వాన ఎక్కువ పడే జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. నెలల తరబడి కొట్టంలో నిలబడే బుల్లెట్లూ ఆర్‌ఎక్స్ 100లూ ఇక్కడ తక్కువేం లేవు. ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని తయారు చేయని వాటి రబ్బరు పైపులు, వాషర్లు మెత్తబడతాయి, ట్యాంకు లోపల తుప్పు లేస్తుంది. అందుకే షెడ్డుల్లో పాత పని ఒకటి మళ్లీ మొదలైంది. ఇంకే భాగం విప్పకముందు కార్బొరేటర్ కింది డ్రైన్ స్క్రూ తిప్పి, గుక్కెడు పెట్రోలు గాజు సీసాలోకి వదిలి చూస్తున్నారు. అడుగున నీళ్లు తేలితే ట్యాంకు మొత్తం దించాల్సిందే. వానాకాలం బండిని పక్కన పెట్టేవాళ్లకు మిస్త్రీలు చెప్పే జాగ్రత్తలు రెండు. ట్యాంకు మూత రబ్బరు మార్చుకుని నిండా పెట్రోలు కొట్టించి పెట్టాలి, తేమ గాలికి లోపల చోటు లేకుండా. లేదంటే కార్బొరేటర్‌తో సహా చుక్క మిగలకుండా ఖాళీ చేసి పెట్టాలి. సగం ట్యాంకుతో మాత్రం వదలొద్దంటున్నారు.